ఠేకేదారు చేతి కింద కొలువు – ఖర్చుల లెక్క

ఉద్యోగమనగా ఇద్దరి మధ్య ఒప్పందమని మన పెద్దలు ఎరిగిన మాట. పని చెప్పువాడొకడు, పని చేయువాడొకడు. నేడు ఈ ఇద్దరి నడుమ మూడవవాడు వచ్చి నిలిచినాడు. పని జరుగునది ఒక కార్యాలయములో, జీతమిచ్చునది మరియొక సంస్థ. నియామక పత్రముపై ఉన్న పేరునకు, రోజూ హాజరు వేసుకొను అధికారికి సంబంధమే ఉండదు. మన వైపు ఈ మూడవవానిని ఠేకేదారు అంటారు. పట్టణములలో ఏజెన్సీ అంటారు. ఇంగ్లండులో ఇటువంటి ఒక రకపు సంస్థకు ‘అంబ్రెల్లా కంపెనీ’, అనగా గొడుగు కంపెనీ అని పేరు. చట్టము మాత్రము పని ఎవరి కొరకు జరుగుచున్నదో వానిని ప్రధాన యజమాని అనియు, మధ్యవానిని కంట్రాక్టరు అనియు పిలుస్తున్నది.

మన కళాశాల విద్యార్థులలో పలువురు రేపు ఇట్టి కొలువులలోనే చేరగలరు. కనుక జీతము ఎంత అను ప్రశ్నతో పాటు, విద్యార్థులు సాధారణముగా అడగని మరియొక ప్రశ్నను ఇక్కడ పరిశీలింప తలచినాము. పని కొరకు పనివాడు తన జేబు నుండి పెట్టిన ఖర్చు ఎవరిది?

ముందుగా ఒక చిన్న లెక్క. ఇచ్చోడలో ఒక కంప్యూటర్ ఆపరేటరు ఏజెన్సీ ద్వారా నెలకు 15,000 రూపాయలకు కుదిరినాడనుకొందాము. పై అధికారి ఆజ్ఞ మేరకు నెలలో ఎనిమిది సార్లు ఉట్నూరుకో ఆదిలాబాదుకో కాగితములు తీసుకొని పోవలెను. పోయి వచ్చుటకు ప్రతిసారి 120 రూపాయలు. ఫోను రీచార్జి 300, ప్రింట్లు, జిరాక్సులు 200. మొత్తము 1,460. ఒక నెలకు ఇది చిన్న మొత్తముగానే తోచును. సంవత్సరమునకు 17,520 రూపాయలు. అనగా ఒక నెల జీతమును మించినది. ఆ మనిషి పన్నెండు నెలలు పని చేసి, పదకొండు నెలల జీతమైనను పూర్తిగా ఇంటికి తీసుకొనిపోలేదు. ఇందులో ఎవరును అతని జీతము కోయలేదు. పే స్లిప్పు చూచిన అంతయు సక్రమముగానే ఉన్నది. ఈ నష్టము ఏ రికార్డులోను కనబడనిది కనుకనే దీనిని విడదీసి చూడవలసి ఉన్నది.

జీతము వేరు, ఖర్చు వేరు. జీతము శ్రమకు వెల. పని ఖర్చు యజమాని సొమ్ము. పనివాని చేతి మీదుగా పోయినంత మాత్రమున అది అతనిది కాదు. ఈ భేదము కొత్తది కాదు. ఫిఖహ్ శాస్త్రములో ‘ఇజారా’ అను అధ్యాయము కలదు. అద్దె, కూలి ఒప్పందములు దాని కిందికే వస్తాయి. ఉస్మానీ సామ్రాజ్యములో 1869–1876 మధ్య హనఫీ న్యాయమును క్రోడీకరించి కూర్చిన ‘మజల్లా’లో ఈ విషయము దర్జీ ఉదాహరణతో వివరింపబడినది. పనికి అనుబంధమైన సామాను ఎవరు తేవలెనో ఒప్పందములో లేనప్పుడు ఆ ఊరి ఆచారమే ప్రమాణము. ఆచారము ప్రకారము కుట్టు దారము దర్జీయే పెట్టుకొనును. విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. దర్జీ తన కూలిని తానే నిర్ణయించుకొనువాడు. దారపు ధరను అందులో కలుపుకొనగలడు. కూలిని ఇతరులు నిర్ణయించిన చోట అదే ఆచారమును వర్తింపజేసిన, దారము ధర కూలిలో నుండి పోవును.

ఈ దారపు మాట మనకు ఊరక రాలేదు. నిర్మల్, జగిత్యాల, నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలు ఎందరో ఉన్నారు. హిందువులు, ముస్లింలు అను భేదము లేక ఈ చాటలు ప్రతి వాడలోను కనిపిస్తాయి. మన విద్యార్థులలో కొందరి ఫీజులు ఈ చాటలోనుండి వచ్చినవే. తునికాకు మన ఆదిలాబాదు అడవులదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1971లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టము చేసి ఈ ఆకు వ్యాపారమును తన చేతిలోనికి తీసుకొన్నది. కాని ఆకు కోసిన చేతికి, బీడీ చుట్టిన చేతికి నడుమ ఇప్పటికిని ఎందరో ఉన్నారు.

కంపెనీ పేరు బీడీ కట్ట మీద ఉండును. చుట్టునామె ఆ కంపెనీ ముఖము చూడదు. ఆమె ఎరిగినది కార్ఖానాలో కూర్చున్న ఠేకేదారును మాత్రమే. అతడు ఆకు, తంబాకు తూచి ఇస్తాడు. ఆమె ఇంటికి తీసుకొనిపోయి, ఆకు నానబెట్టి, కత్తిరించి, చుట్టి, దారము కట్టి తిరిగి తెస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఇచ్చిన ఆకులో చిల్లులు పడినవి, ఎండి పగిలినవి ఉంటే వెయ్యి పూర్తి కాదు. తక్కువైన ఆకు ఆమె బజారులో కొని నింపవలెను. కత్తెర ఆమెది, ఇల్లు ఆమెది, దీపము ఆమెది. తెచ్చిన బీడీలలో కొన్నింటిని ‘ఛాట్’ అని పక్కకు తీసివేస్తారు. వానికి కూలి లేదు. వానిలో పోయిన ఆకు, తంబాకు లెక్క మరల ఆమె మీదికే వచ్చును. ఇంగ్లండులో గొడుగు కంపెనీ కింద పనిచేయు ఇంజనీరు తన రైలు చార్జీని గురించి అడుగు ప్రశ్నయు, ఈమె అడుగదగిన ప్రశ్నయు ఒక్కటే.

1966లో పార్లమెంటు బీడీ, సిగారు కార్మికుల చట్టము చేసినప్పుడు ఈ ఖర్చుల సంగతి శాసనకర్తలకు తెలియక పోలేదు. ఇంటి వద్ద చుట్టువారిని కూడ ఆ చట్టము కార్మికులుగా గుర్తించినది. ముడి సరుకు ఇచ్చుటలో వివాదము, బీడీలను తిరస్కరించుటలో వివాదము, తిరస్కరించిన వానికి కూలి ఇచ్చుటలో వివాదము వచ్చినప్పుడు, నిర్ణీత అధికారి క్లుప్త విచారణతో తీర్చవలెనని అందులోని 39వ సెక్షను చెప్పినది. ఆకు తక్కువ ఇచ్చుట కూడ కూలి వివాదము వంటిదేనని గుర్తించిన శాసనమది. ఇంత స్పష్టముగా పని ఖర్చును పట్టుకొన్న నియమము ఇతర కార్మిక చట్టములలో అరుదు అని మా అభిప్రాయము. బీడీ యజమానులు ఆ చట్టమును సవాలు చేయగా, 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. మధ్యన ఠేకేదారు ఉన్నాడను సాకుతో కంపెనీలు తప్పించుకొనుటకు వీలు లేకపోయినది. 1985లో పి. ఎం. పటేల్ అండ్ సన్స్ వ్యాజ్యములో, ఇంటి వద్ద చుట్టువారు కూడ ప్రావిడెంట్ ఫండ్ చట్టమునకు ఉద్యోగులేనని అదే కోర్టు తేల్చినది. అందులోని తర్కము చదువదగినది. బాగుగా లేని బీడీని తిరస్కరించు హక్కు కంపెనీకి ఉన్నది. తిరస్కరించు హక్కే అదుపునకు గుర్తు. అదుపు ఉన్నచోట ఉద్యోగ సంబంధమున్నది. ఆమెకు నష్టము తెచ్చిన ఛాటే ఆమె ఉద్యోగి అనుటకు సాక్ష్యమైనది.

ఇదే దారిలో 1978లో హుస్సేన్ భాయి వ్యాజ్యమున, కాలికట్టులోని తాళ్ల కర్మాగారపు కార్మికుల విషయములో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ ఠేకేదారు అను తెర తొలగించి అసలు యజమానిని చూడవలెనని తీర్పు చెప్పినారు. 2001లో స్టీల్ అథారిటీ వ్యాజ్యములో రాజ్యాంగ ధర్మాసనము, ఠేకా పద్ధతిని నిషేధించినంత మాత్రమున ఆ కూలీలు తమంత తామే ప్రధాన యజమాని ఉద్యోగులు కారని చెప్పినది. తెర ఎప్పుడు తొలగునో, ఎప్పుడు తొలగదో అను చర్చ ఇంకను ముగియలేదు. ఆ చర్చ న్యాయవాదులది. మనకు ఖర్చుల లెక్క ముఖ్యము.

ఊరు విడిచి పోవు కూలీల సంగతి చూతము. ఒరిస్సాలో ‘దాదన్’ కూలీలను ఖాతాదారులు పొరుగు రాష్ట్రములకు తరలించి పెట్టిన బాధల నేపథ్యమున 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది. అందులో రెండు భత్యములు ఉండెను. ఒకటి స్థానభ్రంశ భత్యము: నెల కూలిలో సగము లేక 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, దీనిని తిరిగి వసూలు చేయరాదు. రెండవది ప్రయాణ భత్యము: ఇంటి నుండి పని స్థలమునకు రాకపోకల చార్జీకి తక్కువ కాకుండ ఇవ్వవలెను, ప్రయాణపు రోజులకు కూలి కూడ ఇవ్వవలెను. బస్సులో కూర్చున్న కాలము కూడ పని కాలమే అన్న భావము గమనింపదగినది.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఈ చట్టము రాష్ట్రము సరిహద్దు దాటినవానికే. ఇచ్చోడ నుండి పెన్‌గంగ దాటి యవత్మాల్ పోయినవాడు వలస కార్మికుడు. మహబూబ్‌నగర్ నుండి వందల కిలోమీటర్లు ప్రయాణించి ఇచ్చోడకు వచ్చిన పాలమూరు కూలీ, ఎంత దూరము వచ్చినను, ఈ చట్టము దృష్టిలో వలసవాడు కాడు. 2014 జూన్ 2కు ముందు ఇచ్చోడ నుండి విశాఖపట్నము పోయినవాడు స్వరాష్ట్రములోనే ఉన్నట్లు. ఆ తరువాత పోయినవాడు అంతర్రాష్ట్ర వలసవాడు. దారి మారలేదు, చార్జీ మాత్రము యజమాని మీద పడదగినదైనది.

పై చట్టములు మూడును, అనగా 1966, 1970, 1979 నాటివి, ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి, 2020లో లీనమైనవి. వేతనముల స్మృతి, 2019తో సహా నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి తేబడినవి. ఈ మార్పుతో ఖర్చుల విషయములో కొంత పోయినది, కొంత వచ్చినది. స్థానభ్రంశ భత్యము పోయినది. 1979 చట్టము ఐదుగురు కూలీలున్న చోటనే వర్తించెడిది. కొత్త నియమమునకు పదిమంది కావలెను. ఠేకా కూలీల అధ్యాయమునకు 1970 చట్టములో 20 మంది చాలియుండగా ఇప్పుడు 50 మంది ఉండవలెను. ఇది చిన్న ఠేకేదారులకు వరము, వారి కూలీలకు కాదు. మరియొక వైపు, ఠేకేదారు తీసుకొనిపోయిన వారే కాక తమంత తాము పోయి పనిలో చేరినవారు కూడ, నెల వేతనము 18,000 మించనిచో, వలస కార్మికులుగా లెక్కింపబడుదురు. వారికి సంవత్సరమునకు ఒకసారి సొంత ఊరికి పోయి వచ్చు చార్జీ యజమాని ఇవ్వవలెను. ఠేకేదారు కూలి ఇవ్వని యెడల ప్రధాన యజమాని ఇచ్చి, ఆ మొత్తమును ఠేకేదారు నుండి రాబట్టుకొనవలెనన్న పాత సూత్రము నిలిచియున్నది.

ఇక కూలి, ఖర్చు అను రెంటిని కలగలుపు చేయు ఉపాయము గురించి చెప్పవలెను. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము ప్రయాణ భత్యమును, పని స్వభావమును బట్టి కలుగు ప్రత్యేక ఖర్చుల నిమిత్తము ఇచ్చు మొత్తమును వేతనములో చేర్చలేదు. ఇది న్యాయమే, ఖర్చు ఖర్చే గాని జీతము కాదు గదా. కాని కొందరు ఏజెన్సీవారు దీనిని తలక్రిందులు చేసినారు. నిజమైన జీతములో కొంత భాగమునకు ప్రయాణ భత్యమని, ప్రత్యేక భత్యమని పేరు పెట్టి, ప్రావిడెంట్ ఫండ్ లెక్క నుండి తప్పించినారు. అనగా ఖర్చు ఇవ్వనే లేదు; ఖర్చు పేరు మాత్రము జీతమునకు తొడిగినారు. 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, అందరికిని ఒకే విధముగా ఇచ్చు భత్యము పేరు ఏదైనను మూల వేతనమే అని చెప్పినది. వేతనముల స్మృతి మరియొక అడుగు వేసినది. మినహాయింపు పొందిన భత్యములు మొత్తము ప్రతిఫలములో సగము దాటిన, దాటినంత భాగమును వేతనములోనే కలిపి లెక్కింపవలెను. పే స్లిప్పు చేతికి వచ్చినప్పుడు చివరి అంకెను మాత్రమే చూచు అలవాటు మన యువకులలో ఎక్కువ. పై వరుసలు కూడ చదువవలెను.

ఇదే ఉపాయమును ఇంగ్లండు గొడుగు కంపెనీలు వేరొక విధముగా ప్రయోగించినవి. అచ్చటి పన్ను చట్టములో ఉద్యోగి ఖర్చునకు మినహాయింపు కావలెనన్న అది పూర్తిగా, కేవలము, అవసరముగా విధి నిర్వహణకే అయి ఉండవలెను. 1853 నాటి చట్టము నుండియు వచ్చుచున్న మాట ఇది. ఆ చట్టములో విధి నిమిత్తము గుర్రమును పోషించు ఖర్చు కూడ ఉండెను. గుర్రములు పోయిన తరువాత కూడ చాలకాలము ఆ గుర్రము చట్టములో నిలిచియుండుట ఒక వింత. లండనులో నివసించు ఒక న్యాయవాది పోర్ట్స్‌మత్ నగరములో న్యాయాధికారి పదవి నిర్వహించుటకు పోయిన రైలు చార్జీని తగ్గింపుమని కోరగా, 1925లో ప్రభువుల సభ నిరాకరించినది. పని స్థలమునకు చేరుట పని కాదు, పని స్థలము నుండి పనిపై పోవుట మాత్రమే పని అని దాని సారము. ఈ భేదమును మన ఇచ్చోడ ఆపరేటరునకు అన్వయించి చూడవచ్చును. ఇంటి నుండి కార్యాలయమునకు పోవు చార్జీ అతనిదే. కార్యాలయము నుండి ఉట్నూరు పోవు చార్జీ మాత్రము అతనిది కాదు.

గొడుగు కంపెనీ ఈ నియమమును దాటుటకు మార్గము కనుగొన్నది. పనివాడు దాని శాశ్వత ఉద్యోగి. అతడు పోయి పనిచేయు ప్రతి చోటును తాత్కాలిక స్థలము. కనుక ఇంటి నుండి పోవు చార్జీ కూడ పని ఖర్చే! లండనులో ఒక ఆరు నెలలు, బర్మింగ్‌హామ్‌లో ఆరు నెలలు పనిచేయు మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఈ సంస్థల పేర్లు కొత్తవి కావు. 2016 ఏప్రిల్ 6 నుండి అచ్చటి ప్రభుత్వము దీనిని ఆపివేసినది. మధ్యవర్తి ద్వారా పనిచేయువాడు ఇతరుల పర్యవేక్షణకు, ఆజ్ఞకు, అదుపునకు లోబడియుండిన, ఇంటి నుండి పోవు చార్జీకి మినహాయింపు లేదు. ఇక్కడ ఆలోచింపదగిన విషయమొకటి కలదు. మన దేశములో అదుపు రుజువైన బీడీ కార్మికురాలికి రక్షణ కలిగినది. అచ్చట అదుపు రుజువైన పనివానికి మినహాయింపు పోయినది. మాట ఒక్కటే, ఒకచోట యజమానితో తగవులో వాడినారు, మరియొకచోట ఖజానాతో తగవులో వాడినారు. ఈ రెండు తగవులను వేరుగా ఉంచుకొనవలెను. యజమాని నుండి ఖర్చు రాబట్టుట ఒకటి, ఖర్చుపై పన్ను తగ్గింపు కోరుట మరియొకటి.

మన ఆదాయపు పన్నులో జీతగాడు బిల్లులు చూపి సొంత ఖర్చులను తగ్గించుకొనుటకు చాలకాలముగా వీలు లేదు. వాహనము, పుస్తకములు మొదలైన వాని విడి లెక్కలకు బదులుగా 1974 ఆర్థిక చట్టము ప్రామాణిక మినహాయింపును ఏర్పరచినది. అది 2005లో రద్దై, 2018లో 40,000 రూపాయలతో తిరిగి వచ్చి, 2019లో 50,000 అయినది. 2024లో కొత్త పన్ను పద్ధతిలో 75,000 చేయబడినది. కనుక జేబు నుండి పెట్టినవాడు పన్నుల శాఖ వైపు చూచి ప్రయోజనము లేదు. యజమాని నుండియే రాబట్టుకొనవలెను. అట్లు రాబట్టుకొన్నది, విధి నిమిత్తము నిజముగా ఖర్చయినంత వరకు, ఆదాయము కాదు.

రాబట్టుకొను విధము ఏమనగా, పనిపై పోవుమని నోటిమాటగా చెప్పినచో, ఆ రోజే ఒక చిన్న సందేశము పంపి అధికారి అంగీకారమును అక్షరములలో పొందవలెను. టికెట్టు పారవేయరాదు. బస్సు టికెట్టు మీది అక్షరములు కొన్ని వారములలో మాసిపోవును గనుక ఫోటో తీసుకొని, వెనుక తేదీ, పని వ్రాసి ఉంచవలెను. నెల చివర దరఖాస్తు జీతమిచ్చు ఏజెన్సీకి వ్రాసి, నకలు పని జరుగు కార్యాలయమునకు ఇవ్వవలెను. ఎందుకనగా ఒకరు మరొకరిని చూపుట ఈ పద్ధతిలో నిత్యము జరుగునది. దరఖాస్తు పొడవుగా ఉండనక్కరలేదు. ఒక నమూనా:

“అయ్యా, మీ సంస్థ ద్వారా నియమింపబడి ఇచ్చోడ కార్యాలయములో పనిచేయుచున్న నేను, అధికారి ఆజ్ఞ మేరకు ఈ నెలలో దిగువ తేదీలలో ఉట్నూరు, ఆదిలాబాదులకు పని మీద వెళ్లితిని. అయిన ఖర్చు 960 రూపాయలు. టికెట్ల నకళ్లు, ఆజ్ఞల ప్రతులు జతపరచితిని. ఈ మొత్తమును వేతనములో కలుపక, ఖర్చు పద్దు కింద విడిగా చెల్లింప ప్రార్థన.”

‘వేతనములో కలుపక’ అను మాట ముఖ్యము. కలిపినచో వచ్చే నెల అదే మొత్తమును జీతములో భాగముగా చూపి పూర్తి జీతము ఇచ్చినామందురు.

ఖర్చు ఇవ్వకపోవుట ఒక రకము, జీతములో నుండి కోయుట మరియొక రకము. యూనిఫారమునకు, గుర్తింపు కార్డుకు, ఏజెన్సీ కమీషనుకు జీతము నుండి కోసినచో అది నేరుగా వేతన వివాదము. వేతనముల స్మృతిలోని 45వ సెక్షను కింద కార్మికుడు గాని, అతని సంఘము గాని మూడేండ్లలోపు అధికారి ముందు దావా వేయవచ్చును. పాత 1936 చట్టములో గడువు పన్నెండు నెలలే ఉండెను. గల్ఫుకు పోవువారి విషయము వేరు. అది 1983 నాటి వలస చట్టము కిందిది. ఏజెంటు తీసుకొనదగిన రుసుమునకు 2017లో 30,000 రూపాయల పరిమితి ఏర్పడినది, రసీదు తప్పక అడుగవలెను.

బీడీ చుట్టు తల్లులున్న విద్యార్థులు ఇంటిలో ఒక నోటు పుస్తకము పెట్టవచ్చును. ఏ రోజు ఎంత ఆకు, ఎంత తంబాకు తూచి ఇచ్చినారు, ఎన్ని బీడీలు ఇచ్చినారు, ఎన్ని ఛాటులో తీసినారు, బజారులో కొన్న ఆకుకు ఎంత అయినది, ఈ ఐదు గళ్లు చాలును. ఇది ఉర్దూలో వ్రాసినను, తెలుగులో వ్రాసినను లెక్కయే. తెలంగాణలో 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికి రెండవ అధికార భాషగా చేయబడినది గనుక, తెలుగు వ్రాయలేని తల్లి తరఫున ఉర్దూలో దరఖాస్తు ఇచ్చుటకు సంకోచింప పనిలేదు. తేదీలు, అంకెలు మాత్రము రెండు భాషలవారికిని తెలియునట్లు 1, 2, 3 అంకెలలోనే వేయవలెను.